కాలరు మీద సబ్బు మరక

దెయ్యాలను నేను నమ్మను. నమ్మకపోవడానికి నాకున్నంత కారణం ఇంకెవరికీ ఉండదేమో. సినిమాల్లో కాస్ట్యూమర్‌ని. ఎంతమంది దెయ్యాలకు తెల్లచీర కట్టించి, కొంగు జారకుండా పిన్నీసు పెట్టానో నాకే గుర్తులేదు. భోజనంలో పెరుగు రాలేదని ప్రొడక్షన్ వాళ్ళతో పోట్లాడే దెయ్యాలను చూశాను. అలాంటివాడికి భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా ఇంట్లోనూ ఆ మాట ఎత్తనిచ్చేవారు కాదు. మేం క్రైస్తవులం. చిన్నప్పుడు తమ్ముడూ నేనూ దెయ్యం కథ మొదలుపెడితే అమ్మ కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండానే, "చాల్లే ఊరుకోండి, ప్రార్థన జరిగే ఇంట్లో అవేం మాటలు" అనేది. మేం నోరు మూసుకునేవాళ్ళం.

కాబట్టి ఇది దెయ్యం సంగతి కాదు. మరి ఏ సంగతో నాకూ తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, పేరు మీరే పెట్టుకోండి.

మా అమ్మ పేరు రూతమ్మ. బాపట్ల దగ్గర పల్లెటూరు. నాన్న సినిమా కంపెనీల్లో బట్టలు ఇస్త్రీ చేసే పనికి హైదరాబాద్ వస్తే, ఆయన వెంట వచ్చి కృష్ణానగర్‌లో మేడ మీద రెండు గదుల్లో కాపురం పెట్టింది. కిటికీ దగ్గర మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. ఆ కిటికీలోంచి చూస్తే ఎదురు డాబా మీద డాన్సర్లు ప్రాక్టీసు చేస్తూ కనబడేవాళ్ళు. వాళ్ళు పైకి చెప్పుకునే అడుగుల లెక్కలకు తగ్గట్టు అమ్మ కాలు మిషన్ తొక్కుతుండేది. ఆ చప్పుడు ఇప్పుడు తలుచుకున్నా నాకు ప్రాణం లేచి వస్తుంది.

గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. చాపలు పరిచి, కంజీర తీసి, పాటలు పాడేవాళ్ళు. వచ్చేవాళ్ళలో సగం మంది జూనియర్ ఆర్టిస్టులు. షూటింగ్ మధ్యలో పరుగెత్తుకొచ్చి మొహాన రంగు కడుక్కోకుండానే కళ్ళు మూసుకునేవాళ్ళు. ఒకావిడకు వేషం దొరకాలి, ఒకావిడ మొగుడు తాగుడు మానాలి, ఇంకొకావిడ నటించిన సీను ఎడిటింగ్‌లో పోకూడదు. నాకు నవ్వు వచ్చేది. అమ్మకు రాదు. ఆ సీను కోసం కూడా మోకాళ్ళ మీద నిలబడి కన్నీళ్ళతో అడిగేది.

మా ఇంటి ఓనరు యాదమ్మ కింద వాటాలో ఉండేది. బోనాలకు నెత్తిన బోనం ఎత్తే మనిషి. అయినా గురువారం వచ్చిందంటే మా గడప మీద కూర్చుని పాటలు వినాల్సిందే. ప్రార్థన మొదలుపెట్టబోతుంటే అడ్డం తగిలి, "గా పాట మల్లోపాలి పాడున్రి, మంచిగున్నది" అనేది. అమ్మ కాదనకుండా మళ్ళీ పాడించేది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. గుడ్డ మీద గుర్తులు పెట్టడానికి దర్జీలు సుద్ద వాడతారు. అమ్మ వాడదు. ఒంటికి రుద్దుకుని అరిగిపోయిన సబ్బు పలుకుల్ని ఎండబెట్టి డబ్బాలో దాచి, వాటితో గీసేది. ఉతికితే మరక లేకుండా పోతుంది, దండగ కూడా ఉండదు. మా ఇంట్లో గంధం సబ్బు వాడేవాళ్ళం. అమ్మ కుట్టిన ప్రతి బట్టకూ, అమ్మ చేతులకూ ఎప్పుడూ అదే వాసన.

తమ్ముడు డేవిడ్. నాకంటే బాగా చిన్నవాడు. నిలబడితే పరుగెత్తాలనిపించే రకం. చెయ్యి వదిలితే రోడ్డు మీదే. ఆటోలు, బైకులు తోసుకుంటూ పోయే ఆ సందులో వాడు దూకబోవడం, అమ్మ వెనకనుంచి కాలరు పట్టుకుని వెనక్కి లాగడం రోజూ జరిగేదే. వాడి చొక్కాలన్నీ కాలరు దగ్గరే చిరిగేవి. "వీడికి మెడపట్టీ రెండింతలు వేసి కుట్టాలిరా పెద్దోడా" అని అమ్మ నాతో అనేది. అన్నట్టే కుట్టేది కూడా.

నాన్న జబ్బుపడినప్పుడు డేవిడ్‌కి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. ఆసుపత్రిలో నాన్న మంచం చుట్టూ చర్చివాళ్ళంతా నిలబడి ప్రార్థన చేశారు. అమ్మ ఉపవాసాలుంది. నాన్న పోయాడు. సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చాక డేవిడ్ అమ్మ బైబిల్ వైపు చూసి, "ఏం చేసింది మీ ప్రార్థన?" అన్నాడు. వాడు చర్చికి రావడం మానేశాడు. నేను వెళుతూనే ఉన్నా, వెళ్ళి కూర్చుని వచ్చేవాణ్ణి, అంతే.

తర్వాత వాడు సినిమాల్లో ఫైటర్‌గా చేరాడు. మొదటి పెద్ద జంప్ రోజున అమ్మ ఎవరికీ చెప్పకుండా షూటింగ్‌కి వచ్చి, ఫైటర్లందరి ముందూ వాడి నుదుటికి ప్రార్థన నూనె రాసింది. ఆ రోజంతా వాళ్ళు వీణ్ణి "పాస్టరు గారూ" అని పిలిచి ఏడిపించారు. సాయంత్రం ఇంటికొచ్చి డేవిడ్ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఇంకెప్పుడూ నా కోసం ప్రార్థన చెయ్యకు." సంచి సర్దుకుని మధురానగర్‌లో గది తీసుకున్నాడు. మళ్ళీ మా మెట్లు ఎక్కలేదు. పండక్కి కూడా. అమ్మ ప్రతి క్రిస్మస్‌కూ వాడికొక చొక్కా కుట్టేది. నేను పట్టుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. తీసుకునేవాడు, వేసుకునేవాడు కాదు.

వాడు రావాలి. అమ్మకు లోకంలో ఇంకే కోరికా లేదు. గురువారం కూడికలో అందరి సంగతులూ అయ్యాక చివర్న వాడి పేరు ఎత్తేది. వద్దన్నాడని తెలిసినా ఎత్తేది.

ఫైట్ సీనుకు హీరో వేసుకునే బట్టలు రెండు జతలు కుట్టిస్తాం. ఒకటి హీరోకి, ఒకటి దూకే డూప్‌కి. డూప్ చొక్కా కాస్త వదులుగా ఉండాలి, లోపల బెల్టు కడతారు కదా. ఆ బెల్టుకు కొక్కెంతో తగిలించే రోప్ బయటికి రావడానికి వీపు మీద చీలిక పెట్టాలి. ఆ డూప్ చొక్కాలు నేను అమ్మకే ఇచ్చేవాణ్ణి. డేవిడ్ ఒడ్డూ పొడుగూ ఒక హీరోకి సరిగ్గా సరిపోవడంతో ఆయన సినిమాలన్నిటికీ వాడే డూప్.

అమ్మ ఆ చొక్కా కుట్టి, ఇస్త్రీ చేసి, కాలరు మీద కుడిచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేది. పెదాలు కదిలేవి. ఆ తర్వాతే నా సంచిలో పెట్టేది. ఈ సంగతి నేను డేవిడ్‌కి చెప్పలేదు. చెబితే ఆ చొక్కా కూడా వేసుకునేవాడు కాదు, అంత మొండి వెధవ.

ఇక ఆ రోజు సంగతి. కొన్నేళ్ళయింది. గురువారం. జూబ్లీహిల్స్‌లో బండల మీద సగం కట్టి వదిలేసిన ఇంట్లో షూటింగ్. డేవిడ్ రెండో అంతస్తు పిట్టగోడ మీంచి వెనక్కి పడాలి, రోప్ వాణ్ణి నేలకు కొంచెం ఎత్తులో ఆపాలి. చొక్కాలు ముదురు నీలం. ఒకటి హీరోగారి డిజైనర్ కుట్టించింది, ఒకటి అమ్మ కుట్టింది. పొద్దున్న అమ్మది నా సంచిలోంచి తీసి, నేరుగా సెట్‌కే వచ్చిన డిజైనర్‌దాని పక్కన హ్యాంగరుకు తగిలించాను.

హీరోగారికి డిజైనర్ చొక్కా చంకల్లో పట్టేసింది. వేసుకుని చెయ్యి ఎత్తి చూసి, విప్పేసి, పక్కనున్నది వేసుకున్నారు. "ఇది బాగుందే, ఎవరు కుట్టారు?" అన్నారు. అది అమ్మ చొక్కా. తన షాట్లన్నీ ముందు నుంచే కాబట్టి వీపు మీది చీలిక కనబడదు, ఫరవాలేదన్నారు. హీరో వేసుకున్న చొక్కా విప్పమని చెప్పే కాస్ట్యూమర్ ఇంకా పుట్టలేదు.

దాంతో డేవిడ్‌కి డిజైనర్ చొక్కా మిగిలింది. చంకల కింద కుట్లు విప్పి వదులు చేశాను. వీపు మీద నేనే బ్లేడుతో చీలిక కోశాను, అంచు కుట్టే టైము కూడా లేదు. సీను ప్రకారం మాసినట్టుండాలని టీ నీళ్ళలో మట్టి కలిపి కాలరుకూ భుజాలకూ నా చేత్తోనే పట్టించాను. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చొక్కా మా ఇంటి గడప తొక్కలేదు. అమ్మ దాన్ని కంటితో చూడలేదు.

వాడికి తొడుగుతుంటే, అమ్మ చెయ్యి పెట్టిన చొక్కా కాదే ఇది, అనుకున్నాను. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను, ఇదేం చాదస్తం అని.

భోజనాలయ్యాక షాట్ పెట్టారు. కింద పరుపులు, అట్టపెట్టెలు పరిచారు గానీ, కెమెరాకి అడ్డం వస్తున్నాయని ఒక పక్కకు జరిపారు. మిగిలిన పక్కన రాళ్ళూ, పిల్లర్లలోంచి, శ్లాబు అంచుల్లోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలూ ఉన్నాయి. నేను ఎదురుగానే నిలబడ్డాను.

యాక్షన్ అన్నారు. డేవిడ్ వెనక్కి పడ్డాడు. రోప్ పట్టుకున్నవాళ్ళంతా ఒక్కసారి వెల్లకిలా పడిపోయారు. వాళ్ళ చేతుల్లో బరువు లేదు. కొక్కెం ఊడిపోయింది.

డేవిడ్ ఆగాడు.

మొదటి అంతస్తు శ్లాబు ఎదురుగా, గాల్లో, కాళ్ళు కిందికి వేలాడుతూ ఆగాడు. చొక్కా వీపు మీద పైకి బిగిసి, కాలరు మెడ వెనక నిలబడి ఉంది. శ్లాబు మీదున్న ఫైటర్లు నడుం పట్టుకుని లోపలికి లాగేశారు. లాగగానే చొక్కా మామూలుగా కిందికి జారింది. రెప్పపాటో, రెండు రెప్పపాట్లో. కెమెరాలో పడిందా అంటే పడలేదు, కెమెరా ఉన్న వైపుకు ఆ చోట గోడ అడ్డం.

చువ్వకి చొక్కా తగులుకుందని ఫైట్ మాస్టారు అన్నారు. అందరూ అవునన్నారు. కావచ్చు, చువ్వలు నిజంగానే ఉన్నాయి. కానీ నేను బట్టల మనిషిని. చొక్కా విప్పించి, తిరగేసి, అంగుళం అంగుళం చూశాను. ఎదిగిన మగవాడి బరువు చువ్వ మీద పడితే ఆ గుడ్డ కాగితంలా చిరగాలి. ఒక్క పోగు లేవలేదు. నేను బ్లేడుతో కోసిన చీలికైతే అంచు కూడా కుట్టనిది, ఆ లాగుడికి కింద అంచుదాకా పోవాలి. కోసినంత కోసినట్టే ఉంది.

కాలరు మాత్రం వెనక నలిగి ఉంది. నేను పట్టించిన మట్టి మీద తెల్లగా పూసినట్టు మరక. వేలితో రుద్దితే జారింది. వాసన చూశాను. గంధం సబ్బు.

డేవిడ్ కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. "అన్నయ్యా, నా వెనక ఎవరున్నారు?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. "అమ్మకి చెప్పొద్దు" అన్నాడు. చెప్పనన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి యాదమ్మ కింద మెట్ల దగ్గరే నా కోసం కాచుకుని ఉంది.

"మీ అమ్మకు బాగలేదు, జర చూడు," అంది. "నేను జల్ది వచ్చి గడప మీద కూసున్న. ప్రార్థనోళ్ళు ఇంక రాలే. మంచిగనే గుడ్డ మీద గీతలు గీస్తున్నది. గట్లనే లేచి నిలవడ్డది. కుడిచెయ్యి గిట్ల ముంగటికి చాపి పిడికిలి బిగవట్టింది. అమ్మా ఏమైంది అంటే ఇనిపించుకోలే. మనిషి ముంగటికి గుంజుకపోతున్నట్టు వంగింది, కాలుతోని మిషన్‌ను తన్నివట్టి ఆగింది. మొత్తం చెమటలే. జర సేపటికి కూలబడ్డది."

ఎప్పుడు జరిగిందని అడిగాను. "బువ్వలు తిన్నంక" అంది. గడియారం ఆవిడా చూడలేదు, అక్కడ మేమూ చూడలేదు. కాబట్టి అదే క్షణమని ఒట్టు పెట్టి చెప్పలేను.

పైకి వెళితే అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కుడిభుజం కదలడం లేదు. అరచేతిలో సబ్బు పలుకు పిండి పిండిగా నలిగి అంటుకుపోయి ఉంది. నన్ను చూసి, "భోంచేశావా?" అంది. షూటింగ్ గురించి అడగలేదు. నేను చెప్పలేదు.

మర్నాడు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన భుజం పట్టి చూసి, లోపల కండరం తెగిందన్నారు. "ఈ వయసులో ఇంత బరువు ఏం ఎత్తారమ్మా?"

"పిల్లాణ్ణండీ," అంది అమ్మ.

"మనవడా?"

"కాదండీ. కొడుకు."

డాక్టరు నా వైపు చూసి నవ్వారు, పెద్దావిడ ఏదో పొరబడిందని. నాకు నవ్వు రాలేదు. అప్పటికి అమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కూడికకు వచ్చేవాళ్ళలో ఎవరూ ఆ షూటింగ్‌లో లేరు. నేను విచారించాను కూడా, ఒకరిద్దరిని కాదు.

ఆ సాయంత్రం డేవిడ్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. చొక్కాల మీద అమ్మ చెయ్యి పెట్టే సంగతితో సహా. కోప్పడతాడనుకున్నాను. వాడు తన మెడ వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాడు.

పొద్దున్నే వచ్చాడు. మెట్లు ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి పైకి లేవక తల దువ్వుకోలేదు. జుట్టంతా విరబోసుకుని ఉంది. వాణ్ణి చూసి ఏడవలేదు, ఎందుకొచ్చావనలేదు. నిన్ననే వెళ్ళి ఇవాళ వచ్చినవాడితో అన్నట్టు, "ఒరే, ఆ దువ్వెన అందుకో" అంది.

డేవిడ్ వెనక కూర్చుని తల దువ్వాడు. వాడికేం చేతనవుతుంది? మూడుసార్లు ముడి వేస్తే మూడుసార్లూ ఊడిపోయింది. అమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నేను అక్కడ ఉండలేక టీ తెస్తానని కిందికి పోయి, యాదమ్మ వాకిట్లో కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత అమ్మ భుజం బాగుపడలేదు. కత్తెర పట్టలేకపోయేది. మిషన్ మూతపడింది. డేవిడ్ మాత్రం ప్రతి పొద్దున్నా, షూటింగ్‌కి వెళ్ళే ముందు, వచ్చి తల దువ్వేవాడు. కొన్నాళ్ళకు జడ వెయ్యడం కూడా నేర్చాడు, ఫిల్మ్‌నగర్‌లో హెయిర్ డ్రెస్సర్లను అడిగి. వాళ్ళిద్దరూ ప్రార్థన గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వంకాయ కూర గురించి, ఎదురు డాబా డాన్సర్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు. నా జీవితంలో అంత మంచి రోజులు ముందూ లేవు, వెనకా లేవు.

ఒక్కసారి మాత్రం నేనే ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, వాడు ఆ రోజు నువ్వు కుట్టిన చొక్కా వేసుకోలేదు, తెలుసా?"

అమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నేను చొక్కాకి ప్రార్థన చేశానట్రా?" అంది.

అమ్మ పోయి ఏడాది దాటింది. పెట్టెలో పడుకోబెట్టే ముందు డేవిడ్ అందరినీ బయటికి పంపి, తనే తల దువ్వాడు. యాదమ్మ గడప మీద కూర్చుని, కూడికలో తనకు ఇష్టమైన పాట ఒక్కతే పాడింది. రాగం తప్పింది, ఎవరూ దిద్దలేదు.

ఆధారం చూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. చొక్కా కంపెనీది, సినిమా అయ్యాక గోడౌన్‌కి పోయింది. సబ్బు మరక నా చేతి నుంచే అంటిందేమోనని చాలాసార్లు అనుకున్నాను. కానీ మట్టి పూసింది నేనే, ఆ రోజు నా చేతులకు టీ వాసన తప్ప ఇంకేమీ లేదు. అమ్మ భుజానికి మామూలుగానే ఏదో అయిందేమో, చొక్కా నిజంగానే చువ్వకు తగిలిందేమో. ఒక్కొక్కటీ విడిగా పెడితే సరిపెట్టుకోగలను. అన్నీ కలిపితే ఇప్పటికీ నావల్ల కాదు. నాన్న కోసం అంత అడిగితే రాని జవాబు, వీడి కోసం అడక్కుండా వచ్చిందేమిటో అదీ తెలియదు. అడక్కుండా అన్నాను, తప్పు. అమ్మ అడుగుతూనే ఉంది.

డేవిడ్ ఇప్పటికీ చర్చికి రాడు. ఇప్పటికీ దూకుతూనే ఉన్నాడు. దూకే ముందు మాత్రం నా దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి నిలబడతాడు.

"అన్నయ్యా, కాలరు సరిచెయ్యి."

కాలరు సరిగ్గానే ఉంటుంది. అయినా నేను చెయ్యి పెడతాను. ఏం అనాలో నాకు తెలియదు, అమ్మ ఏమనేదో ఎప్పుడూ వినబడలేదు. షాట్ రెడీ అని వాళ్ళు అరిచేదాకా అలాగే పట్టుకుని ఉంటాను.